మోటరాయికి కట్టిన జీపు

రిటైరయ్యాక నా కలల్లోకి బండ్లు రావడం లేదు, తాళ్లు వస్తున్నాయి. మధ్యాహ్నం అన్నం తిని మన్సూరాబాద్‌లో మా ఇంటి వరండాలో చాప వేసుకుని నడుము వాలుస్తానా, రెప్ప పడగానే ఒక తాడు కనబడుతుంది. బిగుసుకుని ఉంటుంది. నీళ్ల మీదుగా పోయి పొగమంచులో కలిసిపోతుంది. అవతలి కొసకు ఏముందో తెలియదు. తాడు మాత్రం సన్నగా మోగుతుంటుంది, నేను ఆ చప్పుడు వింటూ నిలబడి ఉంటాను. అంతే కల. మా ఆవిడ సుగుణ వచ్చి భుజం తట్టి, "మళ్ల బండి గుంజుతున్నవా? చాప సగం ఊడి నీ పిడికిట్లకొచ్చింది" అంటుంది.

నా పేరు రత్నం. మాది నల్లగొండ జిల్లా పల్లె. చిన్నప్పుడే కుటుంబమంతా ఈ పట్నం దిక్కుకు వచ్చేశాం. లారీ బాడీలు కట్టడంతో మొదలుపెట్టి, చివరికి జీపులకు, అడవి దారుల్లో తిరిగే పెద్ద బండ్లకు వించ్ కట్టే పనిలో స్థిరపడ్డాను. వించ్ అంటే తెలియనివారికి చెప్తాను. ఒక ఇనుప డ్రమ్ము, దానికి చుట్టిన తాడు, డ్రమ్మును తిప్పే మోటారు. బండి బురదలో దిగబడితే తాడు విప్పి ఎదురుగా ఉన్న చెట్టుకు కట్టి మోటారు నొక్కుతారు. డ్రమ్ము తాడును చుట్టుకుంటూ పోతుంది, బండి తనను తానే ఈడ్చుకుంటూ బయటికి వస్తుంది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఏ కంపెనీ మంచిదంటారు, స్టీలు తాడా నైలాన్ తాడా అంటారు. దాన్ని బండికి ఎక్కడ కట్టాలి, ఎట్లా కట్టాలి అని మాత్రం ఒక్కడూ అడగడు. నాకు కోపం వస్తుంది. వించ్‌ను ఎవరైనా కొంటారయ్యా. అది దేన్ని పట్టుకుని నిలబడాలో తేల్చడమే మన పని. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

బంపర్ ఒడ్డుకొచ్చింది

నా మొదటి షెడ్డు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో ఉండేది. మార్కెట్ అక్కడ ఉన్నన్నాళ్లు ఎండాకాలమంతా నా పనికి మామిడిపండ్ల వాసన ఉండేది. వరిగడ్డి, మాగిన పండు, వెల్డింగ్ పొగ, మూడూ కలిసిన వాసన. పొద్దున్నే లారీలు దించుకునే హమాలీల కేకలు దూరం నుంచి వినబడుతుంటే నేను షట్టరెత్తి కాసేపు ఊరికే కూర్చునేవాణ్ని. ఆ కాసేపటి మెత్తదనం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అప్పటికి ఆ షెడ్డు నాది కాదు, ఖాజా ఉస్తాద్‌ది. నేను ఆయన దగ్గర పనివాణ్ని. ఆయనకు కోపమొస్తే అరిచేవాడు కాదు, పనిముట్లు కిందపెట్టి చాయ్‌కి పోయేవాడు. చాయ్‌కి పోయాడంటే మనం ఏదో తప్పు చేశామని అర్థం. ఏం తప్పో మనమే వెతుక్కోవాలి.

ఒకసారి ఓ ఆసామి వేరే చోట వించ్ కట్టించుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆయన జీపుకు బంపరే లేదు. బంపర్‌ను, దానికి బిగించిన వించ్‌ను జీపు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చాడు. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల చెరువు శిఖంలో, నీళ్లు తగ్గిన బురదనేలలో దిగబడ్డాడట. తాడు చెట్టుకు కట్టి మోటారు నొక్కితే, వించ్ తన పని తాను సక్రమంగానే చేసింది. బంపర్ ఊడొచ్చి ఒడ్డు చేరింది. బండి మాత్రం బురదలోనే ఉండిపోయింది.

ఖాజా ఉస్తాద్ ఆ బంపర్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మంచిగనే గుంజింది సాబ్. గుంజుమన్నదాన్ని గుంజింది" అన్నాడు. ఆ ఆసామి కూడా నవ్వేశాడు.

బంపర్ రేకు పని. దెబ్బ తగిలితే నలగడానికే దాన్ని పెడతారు. బండి బరువంతా మోసేది కిందనున్న చాసిస్, ఆ రెండు పొడుగాటి ఇనుప దూలాలు. వించ్‌ను పట్టుకోవాల్సింది అవి. మందమైన పట్టీలతో రెండు దూలాలనూ పట్టుకుని, మధ్యలో అడ్డపట్టీ వేసి, దాని మీద వించ్‌ను కూర్చోబెట్టాలి. పట్టీలను చాసిస్‌కు బోల్టులతో బిగించాలి. వెల్డింగ్ పెట్టొద్దు, కాలిన చోట ఇనుము చచ్చిపోతుంది. ఇది ఎవరడిగినా చెప్తాను, అడగకపోయినా చెప్తాను.

బురద చూడాలె

ఖాజా ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉండేది. వించ్ కట్టమని ఎవరు వచ్చినా, బండి కింద దూరే ముందు ఒకటే ప్రశ్న వేసేవాడు. "నీ బండి యాడ దిగబడ్తది?" జవాబు చెప్పలేనివాణ్ని పంపించేసేవాడు. చెప్పినవాడి వెంట తన స్కూటర్ మీద పోయి ఆ చోటు చూసి వచ్చేవాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకునేవాడు. "అరె రత్నం, బండిని రోజు జూస్తనే ఉన్నం. బురద జూడాలె" అనేవాడు.

ఆ ప్రయాణాలే నాకు ఈ పనిలో దొరికిన అసలు సంపాదన. విజయవాడ రోడ్డు మీద పొద్దుటి మంచులో స్కూటర్ పోతుంటుంది. ఉస్తాద్ వీపు వెచ్చగా అడ్డం ఉంటుంది. ఏదో చెరువు గట్టు మీద దిగి, చెప్పులు చేతపట్టుకుని ఆయన బురదలోకి నడిచేవాడు. కాలు ఎంత దిగుతుందో చూసేవాడు. తర్వాత వెనక్కి తిరిగి, చుట్టూ చెట్లెక్కడున్నాయో, బండలెక్కడున్నాయో చూసేవాడు. నాకు నిద్రమత్తుగా ఉండేది, ఆయన మాత్రం నీళ్లలోకి చూస్తూ ఎటో వెళ్లిపోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు వించ్ ఎక్కడ కట్టాలో తేలిపోయేది.

ఆయన పోయాక షెడ్డు నా చేతికి వచ్చింది. పద్ధతి కూడా దాంతోపాటే వచ్చింది.

ఈశాన్యం గోల

చైతన్యపురిలో మూర్తిగారని ఒకాయన ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. కొత్త బండి కొన్నారు, వించ్ కూడా కొన్నారు. అంతా మాట్లాడుకున్నాం. తీరా ముందు పట్టీలు కోసి పెట్టాక పరుగున వచ్చారు.

"రత్నంగారూ, ముందు వద్దండీ. బరువు ఈశాన్యంలో పడుతోందట. మా సిద్ధాంతిగారు ససేమిరా అన్నారు."

"సార్, బండి మలిపితే ఈశాన్యం గూడ మల్తది గద?"

"నడిచేటప్పుడు కాదండీ, ఇంట్లో పార్కింగులో ఉన్నప్పుడు. ముఖం ఈశాన్యానికే పెట్టాలి, గేటు అలా ఉంది."

నేను నెత్తి గోక్కున్నాను. వాస్తుకు వించ్‌కు ముడిపెట్టినవాణ్ని అంతకుముందు చూడలేదు. పోనీలే అని పట్టీలన్నీ మార్చి వెనకాల కట్టి ఇచ్చాను. షెడ్డులో అందరూ నెల్లాళ్లు నవ్వుకున్నారు.

ఆ వానాకాలం ఆయన ఫోన్ చేశారు. పిల్లలతో ఊరి బయటికి పోయి, చూసుకోకుండా ముక్కు ముందుకు పెట్టి నేరుగా ఊబిలోకి దింపేశారట. ముందంతా నీళ్లు, ఒక్క చెట్టు లేదు. వచ్చిన దారిలో, అంటే వెనక మాత్రం వేపచెట్టు ఉంది. వెనక వించ్ ఉండబట్టి తాడు దానికి కట్టి హాయిగా బయటపడ్డారు.

"సిద్ధాంతిగారి మాట ఊరికే పోతుందాండీ?" అన్నారు ఫోన్లో.

ఏం చెప్పను. సిద్ధాంతిగారి లెక్క ఏదైనా, ఫలితం మాత్రం నిజం. మనం గట్టి నేల మీద నుంచే బురదలోకి పోతాం కాబట్టి, గట్టి నేల ఎప్పుడూ మన వెనకే ఉంటుంది. అప్పటి నుంచి వెనక వించ్ అంటే నాకు గౌరవం పెరిగింది. ఎవరు వచ్చినా వెనకాల కట్టించుకోమని పోరేవాణ్ని. ఆ పోరు ఎక్కడ ఆగిందో చెప్పడానికే ఇదంతా.

హరియా

పండ్ల మార్కెట్ అక్కడి నుంచి తరలిపోయాక నా షెడ్డు ఎల్బీనగర్ దిక్కుకు మార్చుకున్నాను. మెట్రో రైలు పైన పోతుంటే రేకులు సన్నగా వణికేవి. మామిడి వాసన లేదు. అలవాటు చొప్పున ముక్కు మాత్రం వెతుక్కునేది.

అక్కడికి వచ్చాడు హరియా. దేవరకొండ అవతల ఒక తండా వాడు. పాత జీపు నడుపుతాడు. తండా నుంచి రోడ్డుకు మనుషుల్ని, బస్తాల్ని చేరవేస్తాడు. దారిలో ఒక వాగు ఉంది. ఎండాకాలం అది ఇసుక. వానలు పడితే జీపు తలుపుల దాకా నీళ్లు. వెంట అతని కూతురు జమున వచ్చింది. ఐదో నెల కడుపు.

నా ప్రశ్న నేను అడిగాను. "బండి యాడ దిగబడ్తది హరియా?"

హరియా నేల చూపులు చూశాడు. జమున చెప్పింది. "వాగు నడిమిట్ల కాక. పోయినసారి నొప్పులొస్తె నన్ను దవాఖానకు దీస్కపోతుండె. నడిమిట్ల టైర్లు దిగినయ్. మనుషులొచ్చి గుంజి ఆవలికి దాటిచ్చేటాల్లకు పొద్దు గూకింది. బిడ్డ దక్కలె."

పని ఆగిపోయింది షెడ్డులో. నేను ఆమెకు కుర్చీ వేయించాను.

"మళ్ల వానల్లనే ఒస్తది కాన్పు. గందుకే ఒచ్చినం" అన్నాడు హరియా.

"గట్లైతె వానల మున్నే ఈడికొచ్చి మా ఇంట్ల ఉండు బిడ్డా. మా సుగుణ మంచిగ జూస్కుంటది. ఈడ దవాఖానలకు కొదువ లేదు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆమె కొంచెం నవ్వింది. "నేనొక్కదాన్ని ఈడికొస్తె తండల కడుపుతోని ఉన్న మిగిలినోల్లు యాడికి పోవాలె కాకా? బండికి కట్టు. అందరికి అయితది."

ఆదివారం చర్చి కాగానే వాళ్ల వాగు చూడటానికి పోయాను.

వాగు

వానలు ఇంకా రాలేదు. వాగు ఎండిపోయి, మధ్యలో సన్నని నీటిచాలు మాత్రం ఉంది. గాలి వేడిగా, మెల్లగా వీస్తోంది. తండా ఒడ్డున ఇప్పచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి కింద నీడ ఎంత చల్లగా ఉందంటే, వచ్చిన పని మరచిపోయి కాసేపు కళ్లు మూసుకున్నాను. ఉస్తాద్ స్కూటర్ చప్పుడు వినబడినట్టే అనిపించింది.

తర్వాత చెప్పులు విప్పి ఇసుకలోకి నడిచాను. నడిమధ్యన కాలు పిక్కల దాకా దిగింది. అక్కడే బండి దిగబడేది. వెనక్కి తిరిగి చూస్తే తండా ఒడ్డున చెట్లు. ముందుకు చూస్తే దవాఖాన ఒడ్డున ఒక్క చెట్టు లేదు. ఇసుక మేట, ఆ పైన ఉత్త చేను.

నాకు సంతోషం వేసింది. ఇది మూర్తిగారి కేసే. "వెనక కడ్తం హరియా. దిగబడ్డదనుకో, తాడు ఇప్పచెట్టుకేస్తవ్. బటన్ ఒత్తితె ఒడ్డుకొస్తవ్. గింతే" అన్నాను.

హరియా తలాడించాడు. ఇప్పచెట్టు మొదట్లో కూర్చున్న జమున ఆడించలేదు.

"కాకా, ఎనకకు గుంజితె ఇంటికే ఒస్త గద. నేను పోవాల్సింది దవాఖానకు."

ఎంత మామూలు మాట. ఇన్నేళ్లూ నేను బండిని బయటపడేయడం గురించే ఆలోచించాను. బురదలోంచి బయటికి వస్తే చాలు, ఎటు వచ్చినా ఒకటే అనుకున్నాను. ఈ పిల్లకు అది చాలదు. ఇంటి ఒడ్డుకు వస్తే ఆమెకు మునిగినట్టే. ఆవలి ఒడ్డుకు పోవాలి. అక్కడ తాడు కట్టడానికి ఏమీ లేదు.

మేం ముగ్గురం వాగు దాటి ఆవలి చేనులోకి ఎక్కాం. గుంజ పాతుదామా, మట్టిలో దుంగ పూడ్చి దానికి కడదామా అని నేను లెక్కలు వేసుకుంటున్నాను. నానిన ఇసుకలో ఏదీ నిలబడదు. అట్లా చేను గట్టు వెంట కొంచెం ఎగువకు నడిస్తే తుమ్మకంప మధ్యలో ఒక పాడుబడిన మోటబావి కనిపించింది. దాని అంచున రెండు నిలువు రాళ్లు, ఇంకా నిటారుగా ఉన్నాయి.

మా నాయన మోట కొట్టినవాడు. కరెంటు మోటార్లు రాకముందు బావిలోంచి నీళ్లు ఎడ్లతో తోడేవాళ్లు. పెద్ద తోలు బొక్కెనకు మోకు కట్టి, అంచున రాళ్ల మధ్యనున్న గిలక మీదుగా తెచ్చి ఎడ్ల కాడికి కట్టేవాళ్లు. ఎడ్లు వాలుబాట మీద దిగిపోతుంటే బొక్కెన పైకి వచ్చేది. పొద్దున్నే ఎడ్లను కట్టే ముందు మా నాయన ఆ రాయి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు. ఎందుకు నాయినా అంటే, "నీళ్లు గుంజేది ఎడ్లనుకుంటున్నవా? రాయి బిడ్డా. రాయి కదిల్తె ఎడ్లు గూడ బాయిలకే" అనేవాడు. ఆ మోట చప్పుడు, ఎడ్ల మెడలో గంటలు, తెల్లవారుజాము చల్లదనం, అన్నీ ఆ తుమ్మకంపల్లో నిలబడి ఉండగా నా చుట్టూ తిరిగాయి. చాలాసేపు అక్కడే ఉండిపోయాను కాబోలు, హరియా మోచెయ్యి పట్టుకుని కదిపాడు.

రాయి పైకి నడుమెత్తు ఉంది. లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఎన్ని బొక్కెనల బరువు మోసిందో దేవుడికే తెలియాలి. జీపును ఆపలేదా?

లచ్చమ్మ

ఆ చేను లచ్చమ్మ అనే ముసలామెది. చేనులోనే చిన్న రేకుల ఇల్లు, ఒక్కతే ఉంటుంది. మేం రాళ్ల దగ్గర తచ్చాడటం చూసి కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"ఎవలయ్యా? ఏం జూస్తున్రు ఆడ?"

"అవ్వా, మోటరాయి జూస్తున్నం. మంచిగున్నది" అన్నాను.

"మంచిగుండక? మా ఇంటాయన పాతిచ్చిండు. రాయి బోతదా మనిషి బోయినట్టు?"

"జీపుకు తాడు కట్టుకోనీకి ఇస్తవా అవ్వా?"

ఆమెకు కోపం వచ్చింది. "జీపుకేంది? ఎద్దు గట్టిన రాయికి జీపు గడ్తవా? ఆటలా?"

హరియా వెనక్కి తగ్గాడు. జమున ముందుకు వచ్చింది. ముసలామె ఎదురుగా నిలబడింది. లచ్చమ్మ ఆమె మొహం చూసింది, కడుపు చూసింది. తర్వాత వాగు దిక్కు చూసింది.

"కాన్పుకా?" అంది చివరికి.

"అవును అవ్వా" అంది జమున.

ముసలామె ఇంట్లోకి పోయి పసుపు తెచ్చి, రెండు రాళ్లకూ పూసింది. చేతులు చీరకు తుడుచుకుని, "గట్టుకోండ్రి" అని వెళ్లిపోయింది. ఇంత తొందరగా ఎట్లా ఒప్పుకుందా అని నేను దారి పొడుగునా అనుకున్నాను.

కట్టిన తీరు

కుర్రవాళ్ల కోసం ఇది కొంచెం వివరంగా రాస్తాను.

వించ్‌ను బండి ముందు వైపే కట్టాను. బండి వాగు దాటే చోటికి బావి కొంచెం ఎగువన ఉంది. అంటే తాడు నేరుగా రాదు, ఒక పక్కకు వాలి వస్తుంది. ఒక రకంగా అది మంచిదే, నీటి వాలుకు బండి కొట్టుకుపోకుండా ఎగువకు పట్టి ఉంచుతుంది. కానీ పక్కవాటు లాగుడు బోల్టుల్ని తిరగేసి పీకుతుంది. అందుకని పట్టీలను చాసిస్ వెంట ముందరి కమాను కట్టల దాకా, అంటే స్ప్రింగుల దాకా పొడిగించి, రెండింటి మధ్య ఏటవాలుగా ఇంకో పట్టీ వేశాను.

బంపర్ వెనక దాచి కట్టడం ఇప్పుడు ఫ్యాషన్. వాగు బండికి అది పనికిరాదు. నీళ్లు, ఒండ్రు మోటారులోకి పోతాయి. బంపర్ తీసేసి ఎత్తులో కూర్చోబెట్టాను. రేడియేటర్‌కు గాలి కొంచెం తగ్గుతుంది, వానల్లో అంత ఇబ్బంది లేదు. కరెంటు డబ్బాను బానెట్ లోపలికి, ఇంకా పైకి ఎక్కించాను. ముందు బరువు పెరిగింది కాబట్టి కమానుకు ఒక ఆకు ఎక్కువ వేశాను. వెనకాల మాత్రం గట్టి కొక్కెం పెట్టాను, ముందు ఏదైనా ఫెయిలైతే మనుషులు వెనక్కి గుంజడానికి. వెనక మీద నాకున్న గౌరవం అంతవరకే మిగిలింది.

ఇంకో చిక్కు ఉంది. పారే వాగులో తాడు పట్టుకుని ఆవలి ఒడ్డుకు ఎవరు ఈదుతారు? అందుకే వాగులోకి దిగకముందే తాడు కట్టి ఉండాలి. మోటరాయి నుంచి ఇప్పచెట్టు దాకా ఒక సన్న నైలాన్ తాడు ఎత్తుగా, ఎప్పుడూ ఉండేట్టు కట్టాం. అవసరం వచ్చినప్పుడు లచ్చమ్మకు ఫోన్ చేస్తే, ఆమె పెద్ద మోకు ఒక కొసను రాయికి తగిలించి, రెండో కొసను రాయి నుంచి విప్పిన సన్నతాడుకు ముడివేస్తుంది. తండావాళ్లు సన్నతాడు లాగితే మోకు వాళ్ల చేతికి వస్తుంది. దాన్ని వించ్ కొక్కేనికి తగిలించి అప్పుడు దిగుతారు. ముడి ఎట్లా వేయాలో నేర్పిద్దామని పోతే, ముసలామె నా చేతిలోంచి మోకు గుంజుకుంది.

"మోకు ముడి నాకు నేర్పుతవా కొడుకా?" అంది.

షెడ్డు ముందు పాతిన రైలు పట్టా ముక్కకు కట్టి మొదటి లాగుడు లాగించాం. అది ఖాజా ఉస్తాద్ నాటి ఆచారం. తాడు తెగితే పాములా లేచి కొడుతుంది, అందుకని దాని మీద తడిపిన గోనెసంచి వేస్తాం, ఎవరూ తాడు దాటరు. హరియా కొబ్బరికాయ తెచ్చాడు. వించ్ మీద కొట్టబోతే ఆపి, నేల మీద కొట్టించాను. కొబ్బరినీళ్లు మోటారులోకి పోయి ఎన్ని పాడయ్యాయో నాకు తెలుసు. అతను అగరుబత్తి వెలిగించాడు, నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. పట్టీలు కదలలేదు.

వాన

ఆ యేడు వానలు బాగా పడ్డాయి. ఒకరోజు పొద్దున ఎల్బీనగర్‌లో ముసురు పట్టి, చౌరస్తాలో దీపాలన్నీ నీళ్లలో కరిగినట్టు కనబడుతుండగా హరియా ఫోన్ చేశాడు.

"అన్నా, నొప్పులొచ్చినయ్. వాగు నిండ పారుతున్నది. దిగుతున్న."

"మోకు తగిలిచ్చినవా?"

"తగిలిచ్చిన."

ఫోన్ కట్ అయింది. నేను షెడ్డులో కూర్చున్నాను. నేను కట్టిన ప్రతి బోల్టునూ కళ్లు మూసుకుని మళ్లీ బిగించాను. భయం వేసింది, సిగ్గుపడకుండా చెప్తున్నాను. పని చేసేటప్పుడు భయం ఉండదు, చేసి ఇచ్చాక మొదలవుతుంది. సుగుణ అన్నం తెచ్చి పెట్టి, తీసుకుపోయింది. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"ఆడపిల్ల అన్నా. ఇద్దరు మంచిగున్నరు."

పైన మెట్రో పోయింది, రేకులు వణికాయి.

వారం పోయాక తండాకు వెళ్లాను. జమున పిల్లను నా ఒళ్లో పెట్టింది. వాగు నడిమధ్యన ముందు టైరు గుంతలో పడిందట. బండి ఒక పక్కకు ఒరిగిందట. అప్పుడు వించ్ నొక్కితే తాడు బిగుసుకుని మోగిందట.

"సన్నగ పాట పాడినట్టు మోగింది కాక. నొప్పులల్ల గూడ అదే ఇన్న" అంది.

తిరిగి వచ్చేటప్పుడు లచ్చమ్మ దగ్గర ఆగాను. మోటరాయి దగ్గరే కూర్చుని ఉంది. పసుపు వానకు సగం పోయింది. ఆ రోజు జీపు దాటేదాకా వానలోనే నిలబడిందని హరియా చెప్పాడు.

"లోపలుండకపోయినవా అవ్వా? తడిసినవట."

"రాయి మీద చెయ్యి బెట్టి నిలబడ్డ. కదుల్తదేమోనని."

మా నాయన చెయ్యి గుర్తుకొచ్చింది. "కదిలిందా?" అన్నాను.

"రాయి కదల్లె. నా కాళ్లే వణికినయ్."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. వాగు తగ్గుముఖం పట్టింది. ఇప్పచెట్ల నీడ నీళ్లలో మెల్లగా కదులుతోంది. ఆమె మాట్లాడింది, నాతో కాదేమో అన్నట్టు.

"నా బిడ్డను గా దిక్కున్న ఊరికిచ్చినం. కాన్పుకని అల్లుడు ఎడ్లబండిల ఏస్కొని తెస్తుండె. గిట్లనే వాగొచ్చింది. బండి ఆ ఒడ్డున ఆగింది. నేను గీ రాయి పట్టుకొని గీడ్నే నిలబడ్డ. పొద్దంత దాని ఏడుపు ఇనబడ్డది. పొద్దు గూకినంక ఇనబడలె."

ఆమె అరచేత్తో రాయిని మెల్లగా నిమురుతోంది.

"అప్పుడు గూడ గీ రాయి గీడ్నే ఉండె కొడుకా. మోకుండె, ఎడ్లుండె. రోజు నీళ్లు గుంజినం. ఒక్కలకన్న తట్టలేదేంది?"

కల్లో అవతలి కొసకు ఏముందో తెలియదని మొదట్లో రాశాను. కనబడదు. కాని రాయి మీద ఒక చెయ్యి ఉంటుందని తెలుసు.